లాడ్జిలో అందరికీ, స్టార్ హోటల్లో కొందరికే

నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గరో, ఒంగోలు ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కలో ఒక మామూలు లాడ్జిలో దిగితే కౌంటర్లో కుర్రాడు పొడవాటి రిజిస్టరు తిప్పి ముందు పెడతాడు. పేరు, ఊరు, వచ్చిన పని, ఎంతమంది అని గళ్ళు గీసి ఉంటాయి. వచ్చిన టైము మాత్రం గోడగడియారం చూసి తనే రాసుకుంటాడు: తెల్లవారి 5-40. ఆధార్ జిరాక్సు, అడ్వాన్సు తీసుకుని తాళం చేతిలో పెడతాడు. కౌంటర్ వెనక '24 గంటల చెకౌట్' అని బోర్డు ఉందంటే మర్నాడు 5-40 దాకా ఆ గది జోలికి ఎవరూ రారు. ఎక్కడా సభ్యత్వం లేదు, పాయింట్లు లేవు. ఎవరు దిగినా ఇదే లెక్క.

ఇప్పుడు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో నడిబొడ్డున ఉన్న పెద్ద స్టార్ హోటల్‌కి వెళ్దాం. చెకిన్ మధ్యాహ్నం రెండుకో మూడుకో. చెకౌట్ మర్నాడు పన్నెండుకల్లా. రాత్రి నెల్లూరులో సింహపురి ఎక్కి తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగినవాళ్ళు గదికి తొమ్మిది వేలు కట్టి కూడా సోఫాలో కూర్చుని లాబీ పూలకుండీలు చూస్తుండాల్సిందే. కట్టిన డబ్బుకి గది దక్కేది ఇరవై ఒకటి, ఇరవై రెండు గంటలు. 'వచ్చిన టైము నుంచి 24 గంటలు' అనే సౌకర్యం పెద్ద చైన్లలో అసలు లేదా అంటే ఉంది. తరచూ దిగేవాళ్ళకి సభ్యత్వం, పాయింట్లు ఇచ్చే లాయల్టీ పథకాలు ఈ చైన్లకి ఉన్నాయి, గడిపిన రాత్రుల్ని బట్టి సభ్యుణ్ణి సిల్వర్, గోల్డ్, ప్లాటినం లాంటి మెట్లు ఎక్కిస్తాయి. మారియట్ వాళ్ళ పథకం బాన్‌వాయ్‌లో ఈ సౌకర్యం పేరు యువర్24. దానికి అర్హత ఏడాదిలో 100 రాత్రులు, పైగా 23,000 డాలర్ల ఖర్చు. అంత చేసి అంబాసిడర్ అనే పై మెట్టు ఎక్కినా, ముందుగా అడగాలి, గది ఖాళీ ఉంటేనే ఇస్తారు.

ఇది చూసి పెద్ద హోటళ్ళది ఒట్టి దోపిడీ అనేస్తే సగమే నిజం. ముప్పై గదుల లాడ్జిలో ఒక గది ఖాళీ అయితే రూమ్ బాయ్ దుప్పటి మార్చి, బాత్రూమ్ కడిగి, కాసేపట్లో మళ్ళీ తాళం కౌంటర్లో పెట్టేస్తాడు. గదులు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి, ఒక్కొక్కటిగా నిండుతాయి. చెన్నై గిండీలో ఐటీసీ గ్రాండ్ చోళలో 600 గదులు. ఒక్కో గదికీ పక్క మార్చడం, టవళ్ళు, మినీబార్, ఆ తర్వాత సూపర్‌వైజర్ తనిఖీ. ఎవరి ఇష్టం వచ్చిన టైముకి వాళ్ళు వెళ్తామంటే హౌస్‌కీపింగ్ షిఫ్టులు అతకవు. అందుకే పన్నెండు నుంచి మూడు దాకా ఒక పట్టీ గీసి, అందరినీ దానికి అటూ ఇటూ సర్దుతారు. అలా అందరి దగ్గరా కత్తిరించిన గంటలనే కొందరికి తిరిగి ఇచ్చి, దానికి 'లేట్ చెకౌట్ ప్రివిలేజ్' అని పేరు పెడతారు. టిఫినూ అంతే. మన ఊళ్ళ హోటళ్ళలో చాలాచోట్ల గదితోపాటు టిఫిన్ కూపన్ ఇచ్చేస్తారు. పెద్ద హోటల్ దాన్ని గది రేటు నుంచి విడదీసి విడిగా వెల కడుతుంది, తర్వాత ప్లాటినం సభ్యుడికి ఉచితం అంటుంది. లాయల్టీ సౌకర్యాల్లో చాలాభాగం ఇలా ముందు విడదీసి, తర్వాత కొందరికి తిరిగి కలిపినవే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్ళే మనిషి ఆ 'కొందరి'లో చేరడానికి డబ్బు, ఓపిక పెట్టడం గిట్టుబాటేనా అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ఈ పద్ధతి విమానాల నుంచి వచ్చింది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఎగిరిన దూరాన్ని పాయింట్లుగా లెక్కగట్టే మైళ్ళ పథకం పెట్టింది. రెండేళ్ళలో, 1983లో, హాలిడే ఇన్, మారియట్ అదే బాట పట్టాయి. 1987లో హిల్టన్ చేరింది. విమానంలో ఖాళీ సీటు ఎలాగో హోటల్లో ఖాళీ గది అలాగే: ఈ రాత్రి అమ్ముడుపోకపోతే ఆ డబ్బు పోయినట్టే. అందుకే ఖాళీగా ఉన్న పెద్ద గదికి మార్చడం లాంటివి ఉదారంగా ఇస్తారు, వాళ్ళకి పోయేదేమీ లేదు. సాయంత్రం నాలుగు దాకా గది వదలకపోవడం అలా కాదు, దానికి మనుషుల జీతం ఖర్చవుతుంది. బాన్‌వాయ్‌లో 25 రాత్రుల గోల్డ్ సభ్యుడికి రెండింటి దాకా ఉండే వీలుంది గానీ అది ఖాళీని బట్టి. నాలుగింటి దాకా హామీ కావాలంటే 50 రాత్రుల ప్లాటినం కావాలి. ఆ హామీ కూడా రిసార్టులకి, కన్వెన్షన్ హోటళ్ళకి వర్తించదు, అక్కడ మళ్ళీ ఖాళీని బట్టే.

పెద్ద బ్రాండు పేరున్న చాలా హోటళ్ళలో భవనం ఆ కంపెనీది కాదు. స్థానిక యజమాని కట్టుకుంటాడు, బ్రాండు నడిపిస్తుంది లేదా పేరు మాత్రం ఇస్తుంది. సభ్యుడు బస చేసిన ప్రతిసారీ అతని బిల్లులో కొంత శాతం యజమాని పథకం ఖాతాకి కట్టాలి. సభ్యుడు పాయింట్లతో ఉచితంగా ఉన్నప్పుడు ఆ ఖాతా నుంచి యజమానికి డబ్బు వస్తుంది. యజమాని దీనికి ఎందుకు ఒప్పుకుంటాడంటే, బయటి బుకింగ్ యాప్ ద్వారా వచ్చే గిరాకీకి కట్టే కమీషన్ పదిహేను శాతం, ఒక్కోచోట ఇంకా పైన. నేరుగా వచ్చే గిరాకీకి ఖర్చు అంతకంటే తక్కువ. అలాంటి బయటి యాప్‌లో బుక్ చేసుకుని రిసెప్షన్‌లో సభ్యత్వ నంబరు చెబితే సాధారణంగా పాయింట్లు గానీ రాత్రుల లెక్క గానీ పడకపోవడానికి కారణం ఇదే. అక్కడ గొడవ పెట్టుకుని లాభం లేదు.

పాయింట్లు ఉచితం అంటారు గానీ వాటికి బదులుగా సభ్యుడి వివరాలు వాళ్ళ దగ్గరికి చేరతాయి. 2018 నవంబరులో స్టార్‌వుడ్ బుకింగ్ డేటాబేస్ నుంచి గెస్టుల వివరాలు దొంగతనానికి గురయ్యాయని మారియట్ ప్రకటించింది. స్టార్‌వుడ్ అనే ఆ హోటల్ కంపెనీని మారియట్ అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, కొన్నది. తర్వాత లెక్క తేల్చినప్పుడు అవి 38 కోట్ల రికార్డుల దాకా ఉండొచ్చని తేలింది. వాటిలో పాస్‌పోర్టు నంబర్లూ ఉన్నాయి.

ఈ పథకాలు ఎవరిని ఉద్దేశించినవో రాత్రుల సంఖ్యే చెబుతుంది. ఏడాదిలో 50 రాత్రులంటే వారానికి ఒకటి. అది కంపెనీ పంపితే తిరిగే కన్సల్టెంటుకీ, ప్రాజెక్టు మేనేజరుకీ సాధ్యం. డబ్బు కంపెనీది, పాయింట్లు ఉద్యోగివి. కృష్ణపట్నం రేవు పనుల మీద పై రాష్ట్రాల నుంచి వచ్చి వెళ్ళే ఇంజనీరుకి ఇది బంగారు బాతు. సొంత జేబులోంచి కట్టే రొయ్యల మేత డీలరుకి, చీమకుర్తి గ్రానైటు వ్యాపారికి లెక్క వేరు. ఆయన చెన్నై వెళ్తే చాలాసార్లు పని చూసుకుని రాత్రికే తిరిగొస్తాడు. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లే కదా. ఉండిపోయిన రాత్రుల్లో కూడా ఒకటి తాజ్‌లో, ఒకటి హయత్‌లో, ఒకటి విజయవాడ నోవోటెల్‌లో. మూడూ మూడు వేర్వేరు పథకాలు, ఒకచోట రాత్రి ఇంకోచోట లెక్కకి రాదు. దేంట్లోనూ మొదటి మెట్టు దాటడు.

పాయింట్ల విలువ ఎంతో లెక్క వేసి చూస్తే మేలు. బాన్‌వాయ్‌లో ఎక్కువ బ్రాండ్లలో డాలరు ఖర్చుకి 10 పాయింట్లు, పన్ను లెక్కలోకి రాదు. సులువు కోసం డాలరు 90 రూపాయలు అనుకుందాం. 9,000 గదిలో రెండు రాత్రులంటే 18,000 రూపాయలు, అంటే 200 డాలర్లు, 2,000 పాయింట్లు. అదే గదిని ఉచితంగా ఇవ్వడానికి హోటల్ 12,000 పాయింట్లు అడిగిందనుకుంటే పాయింటు విలువ 75 పైసలు, రెండు రాత్రుల సంపాదన 1,500 రూపాయలు. ఇంకోరోజు అదే 9,000 గదికి 18,000 పాయింట్లు అడిగితే పాయింటు అర్ధరూపాయి అయిపోతుంది. అడగొచ్చు, ఎందుకంటే ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లు అన్న స్థిరమైన పట్టికను మారియట్ 2022లో ఎత్తేసింది. హిల్టన్ అంతకుముందే, 2017లో తీసేసింది. పాయింటు అనేది కంపెనీ తనే అచ్చేసుకునే నోటు, దాని విలువ కూడా తనే దించుకోగలదు. ఈ విషయంలో రెండు పథకాలు మన లెక్కకి దగ్గరగా ఉంటాయి. తాజ్ హోటళ్ళలో పాయింట్లుగా వచ్చే టాటా న్యూకాయిన్ ఒకటి ఒక రూపాయి. నోవోటెల్‌ని నడిపే ఆకోర్ కంపెనీ పథకంలో 2,000 పాయింట్లకి 40 యూరోల తగ్గింపు. వీటిలో కలలు తక్కువ, మోసపోవడం కూడా తక్కువ.

ఆ 1,500 పక్కన టిఫిన్ పెట్టి చూడండి. పెద్ద హోటల్లో బఫే టిఫిన్ మనిషికి వెయ్యి పైమాటే. ఇద్దరికి రెండు పూటలు నాలుగు వేలు. అంటే పాయింట్లకంటే టిఫిన్ విలువే ఎక్కువ. ప్లాటినం సభ్యుడికి చాలా బ్రాండ్లలో అది తనకీ, వెంట ఉన్న ఒకరికీ ఉచితం. నలుగురు వెళ్తే మిగతా ఇద్దరి సంగతి ముందే అడగాలి. అయితే టిఫిన్‌తో కలిపిన రేటుకి బుక్ చేసుకున్న ప్లాటినం సభ్యుడికి ఈ సౌకర్యం వల్ల ఒరిగేది సున్నా, అప్పటికే కొనేశాడు. అసలు ఏ మెట్టూ లేనివాడు టిఫిన్ లేని రేటుకి గది తీసుకుని, బయటికి వచ్చి నాలుగు అడుగులు వేస్తే మైలాపూరులోనో టీనగర్‌లోనో ఆ డబ్బుతో వారం రోజులు తింటాడు. నడిబొడ్డు హోటల్‌కున్న అసలు సౌకర్యం అదే, దానికి కార్డు అక్కర్లేదు.

ఏ మెట్టూ ఎక్కనివాడికి అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిలేది మాత్రం ఉచిత సభ్యత్వంతో వచ్చే కొద్ది శాతం తగ్గింపులో. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కారణం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. అంతకుముందు కింది రేటు 12 ఉండేది కాబట్టి గీతకి అటూ ఇటూ ఉన్న తేడా ఇప్పుడు మరీ పెరిగింది. ఒక గది రేటు 7,800 అనుకుందాం. సభ్యుడు కానివాడికి 18 శాతం కలిపి 9,204. సభ్యుడికి 5 శాతం తగ్గిస్తే 390 పోయి 7,410. గీత కిందికి వచ్చింది, పన్ను 5 శాతమే, మొత్తం 7,780. తగ్గించింది 390, మిగిలింది 1,423. ఇంచుమించు రెండు రాత్రుల పాయింట్లకి వచ్చేంత లాభం, ఒక్క రాత్రికే, పైసా ఖర్చులేని మొదటి మెట్టు సభ్యత్వంతో. రేటు తొమ్మిది వేల దగ్గర ఉన్నప్పుడు ఈ కిటుకు పనిచేయదు. 7,500కి కాస్త పైన ఉన్నప్పుడే పనిచేస్తుంది, చెన్నై, విజయవాడల్లో వారాంతాల్లో చాలా గదులు అక్కడక్కడే తిరుగుతుంటాయి. వారం మధ్యలో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో నిండే నడిబొడ్డు హోటల్ శని, ఆదివారాల్లో రేటు దించక తప్పదు. టిఫిన్ కలిపి ఒకే రేటుగా చూపిస్తే ఆ కలిపిన అంకె 7,500 దాటి మొత్తానికి 18 శాతం పడే వీలుంది. అందుకే బుకింగ్ పేజీలో పైనున్న పెద్ద అంకె కాకుండా డబ్బు కట్టబోయే చివరి అంకె చూసుకోవాలి.

మన జిల్లాల వ్యాపారులకి సంబంధించిన మెలిక ఇంకొకటి ఉంది. హోటల్ గది మీద జీఎస్టీ ఆ హోటల్ ఉన్న రాష్ట్రానికి చెందుతుంది. చెన్నై హోటల్ బిల్లులో పడేది కేంద్ర పన్ను, తమిళనాడు రాష్ట్ర పన్ను. ఆంధ్రలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న నెల్లూరు వ్యాపారి బిల్లు మీద తన జీఎస్టీ నంబరు వేయించుకున్నా ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేడు, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేడు. విజయవాడలో వ్యాపార పని మీద ఉన్న రాత్రికి తీసుకోవచ్చు. కాబట్టి అదే 9,000 గది చెన్నైలో నిజంగా 10,620 అవుతుంది, విజయవాడలో 9,000 దగ్గరే ఆగుతుంది. ఒంగోలు నుంచి రెండు ఊళ్ళకీ వెళ్ళే వీలున్నవాళ్ళు మీటింగు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించేటప్పుడు ఈ 1,620 ఏ గోల్డ్ కార్డు ఇచ్చేదానికంటే పెద్దది. ఆడిటర్లకి తెలిసిన సంగతే గానీ, బుకింగ్ చేసేది ఆడిటరు కాదు కదా.

కుటుంబంతో వెళ్ళేవాళ్ళ సంగతి కొంచెం వేరు. పెళ్ళి బట్టలకి వెళ్ళి మూడు గదులు తీసుకుంటే, సభ్యుడు ఒక గదిలో ఉండి మూడింటికీ తనే డబ్బు కడితే బాన్‌వాయ్‌లో మూడు గదుల మీదా పాయింట్లు వస్తాయి. మెట్టు ఎక్కడానికి పనికొచ్చే రాత్రుల లెక్కలోకి మాత్రం ఒక గదే. ఆపరేషన్లకి పది పదిహేను రోజులు చెన్నైలో ఉండాల్సినవాళ్ళు రాత్రులు కలిసొస్తాయి కదా అని స్టార్ హోటల్ వైపు చూడటం దండగ. వాళ్ళకి కావాల్సింది గంజి కాచుకునే వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు రెండు జిల్లాల్లోనూ తక్కువేం కాదు. అక్కడ కొడుకు ప్లాటినం అయితే అమ్మానాన్నలకి తన పాయింట్లతో గది తీసివ్వగలడు గానీ, అతను కూడా ఆ గదిలో ఉంటే తప్ప టిఫిన్, లేట్ చెకౌట్ వాళ్ళకి రావు. హయత్ మాత్రం ఏడాదిలో ఎక్కువ రాత్రులు గడిపిన సభ్యుడు పై మెట్టు సౌకర్యాలని కొన్నిసార్లు వేరొకరి బసకి ఇచ్చే వీలు కల్పిస్తుంది, దాన్ని గెస్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. షికాగో, న్యూయార్క్ లాంటి ఊళ్ళ నడిబొడ్డు హోటళ్ళలో చాలాచోట్ల రోజువారీ డెస్టినేషన్ ఫీజు అని అదనంగా వేస్తారు. 2025 మే నుంచి అమెరికాలో ఆ ఫీజుని మొదట్లోనే రేటులో కలిపి చూపించాలని నిబంధన వచ్చింది. పాయింట్లతో తీసుకున్న గదికి రిసార్టు ఫీజు లాంటివి హిల్టన్, హయత్ మాఫీ చేస్తాయి, మారియట్ చేయదు. ఇంకోటి, హిల్టన్ గోల్డ్ సభ్యుడికి ఇక్కడ ఉచిత టిఫిన్ ఉంటే అమెరికాలో 2021 నుంచి దాని బదులు భోజనానికి కొంత క్రెడిట్ ఇస్తున్నారు. నడిబొడ్డు హోటల్లో అది ఇద్దరి టిఫిన్‌కి సరిపోవడం కష్టం.

రాత్రులు గడపకుండా మెట్టెక్కే దొడ్డిదారి క్రెడిట్ కార్డు. 2023లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, మారియట్ కలిసి మన దేశంలో తొలి హోటల్ కార్డు తెచ్చాయి. అప్పుడు పెట్టిన వార్షిక ఫీజు 3,000, పన్ను అదనం. దాంతో సిల్వర్ హోదా, 15,000 పాయింట్ల లోపు హోటల్లో ఒక ఉచిత రాత్రి, మెట్టెక్కే లెక్కలో 10 రాత్రులు. సిల్వర్ హోదా అలంకారమే. ఆ ఉచిత రాత్రి మాత్రం వాడుకుంటే ఫీజుకి రెట్టింపు పైన వస్తుంది, గడువులోగా వాడకపోతే 3,540 గోవిందా. ఏడాదిలో ఒక్కసారైనా చెన్నైలో రాత్రి ఉండక తప్పని ఇంటికి పర్వాలేదు. ఈ కార్డు డైనర్స్ క్లబ్ నెట్‌వర్కుది కాబట్టి ట్రంకు రోడ్డు షాపులన్నిట్లో గీకుదామంటే కుదరకపోవచ్చు.

అసలు హోదా ఏమీ లేనివాళ్ళకి కూడా చెకౌట్ విషయంలో ఒక దారి ఉంది. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, మర్నాడు రెండు దాకా ఉంటామని మర్యాదగా అడగడం. అడగనిదే అమ్మైనా పెట్టదు. ఆదివారం హోటల్ సగం ఖాళీగా ఉన్నప్పుడు చాలాచోట్ల సరేనంటారు. ప్లాటినం సభ్యుడికి ఉన్నది అడిగే హక్కు, మిగతావాళ్ళకి ఉన్నది అడిగే నోరు. శుభముహూర్తాల్లో హోటల్ నిండినప్పుడు నోటికంటే హక్కు గట్టిదన్నది నిజమే.

ముహూర్తాలంటే గుర్తొచ్చేది, ఈ పథకాల్లో మనవాళ్ళు నిజంగా పెద్ద మొత్తంలో పోగొట్టుకునేది గదుల దగ్గర కాదు. పిల్ల నిశ్చితార్థానికో రిసెప్షన్‌కో చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పెద్ద హోటల్ హాలు మాట్లాడుకుని లక్షల్లో బిల్లు కడతారు. చాలా చైన్లలో ఈవెంట్ల మీద కూడా పాయింట్లున్నాయి, ఒక్కో ఈవెంటుకి గరిష్ఠ పరిమితితో. అవి ఒప్పందం మీద సంతకం చేసి, తన సభ్యత్వ నంబరు రాయించినవాళ్ళ ఖాతాలో పడతాయి. బాంక్వెట్ ఒప్పందంలో దానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిని పెళ్ళికూతురి తండ్రి ఖాళీగా వదిలేస్తే పాయింట్లు ఎవరికీ రావు. ఈవెంట్ మేనేజరు తన నంబరు రాసుకుంటే ఆయనకి వెళ్తాయి. అడ్వాన్సు కట్టే రోజే, మెనూ మీద బేరం మొదలవకముందే ఆ గడి నింపుకోవాలి. బిల్లు కట్టేశాక అడిగితే కుదరకపోవచ్చు. ఇంకా పేచీ వచ్చేది ఇరువైపులవాళ్ళూ ఖర్చు పంచుకున్నప్పుడు. అప్పుడు ఎవరి నంబరు రాయించాలో ముందే మాట్లాడుకోవాలి, వియ్యంకులు పాయింట్ల దగ్గర మాట పడితే బాగుండదు.